బిడ్డ పేరున ట్రస్టు పెట్టాలా, వీలునామా సరిపోతుందా?

మనం పోయిన మరుసటి నెల ఒకటో తారీఖున బ్యాంకులో డబ్బు తీసే చీటీ మీద సంతకం ఎవరు పెడతారు? బుద్ధిమాంద్యం, ఆటిజం, తీవ్రమైన మానసిక జబ్బు లాంటివి ఉన్న కొడుకో కూతురో ఇంట్లో ఉంటే ఆస్తి ఏర్పాట్లు ఈ ప్రశ్నతోనే మొదలుపెట్టాలి. ఎంత కూడబెట్టాం అన్నది ఆ తర్వాతి లెక్క. ఖాతాలో డబ్బుండి కూడా దాన్ని తీసి మందులు కొనే అధికారం ఎవరికీ లేకపోవడం ఒక ప్రమాదం. ఆ అధికారం ఒక్కరి చేతిలోనే ఉండి, లెక్క అడిగేవాళ్లు లేకపోవడం ఇంకో ప్రమాదం. వీలునామా, గార్డియన్‌షిప్ (బిడ్డ తరఫున నిర్ణయాలు తీసుకునే చట్టబద్ధ అధికారం), తోబుట్టువుల పేరున రాసివ్వడం, బీమా, ప్రైవేటు ట్రస్టు (ఆస్తిని ట్రస్టీలనే నమ్మకస్తుల చేతికిచ్చి, బిడ్డ కోసమే వాడాలని రాసే ఏర్పాటు)... ఏ దారి పట్టినా ఈ రెంటిలో దేన్ని ఎంతవరకు ఆపుతుందో చూసుకుని పట్టాలి.

ఇంకో విషయం ముందే చెప్పుకోవాలి. చూపు లేనివారికి, వినపడనివారికి, నడవలేనివారికి వైకల్యం ఉందన్న ఒక్క కారణంతో ట్రస్టు అక్కర్లేదు. ఆస్తి కలిగి ఉండటానికి, తమ డబ్బు తాము నడుపుకోవడానికి వాళ్లకు అందరితో సమానంగా హక్కు ఉందని 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ చెబుతోంది. ట్రస్టు కావాలో వద్దో వాళ్లనే అడగాలి. పైగా ఏకైక లబ్ధిదారుకు, అంటే ట్రస్టు ఎవరి మేలు కోసమో ఆ ఒక్క మనిషికి, ఒప్పందాలు చేసుకునే సామర్థ్యం ఉంటే, ఆస్తి మొత్తం తన పేరుకు మార్చమని ట్రస్టీలను అడగవచ్చని 1882 ఇండియన్ ట్రస్టుల చట్టం 56వ సెక్షన్ అంటోంది. ఆయనకు ఇష్టం లేకుండా పెట్టిన ట్రస్టు నిలవదు. ఇక్కడి నుంచి చెప్పేదంతా సొంతంగా డబ్బు వ్యవహారం చూసుకోలేని మనిషి గురించే.

ఏమీ రాయకుండా వదిలేస్తే

హిందూ వారసత్వ చట్టం ప్రకారం వైకల్యం వాటాకు అడ్డు కాదు. మిగతా పిల్లలతో సమానంగా ఆ బిడ్డకూ వాటా వస్తుంది. చిక్కంతా అది నేరుగా బిడ్డ పేరునే రావడంలో ఉంది. ఇల్లు అద్దెకివ్వాలన్నా, పొలం అమ్మాలన్నా, ఎఫ్‌డీ మార్చాలన్నా చెల్లే సంతకం పెట్టగలిగినవాళ్లు ఉండరు. గార్డియన్ ఉత్తర్వు వచ్చేదాకా అంతా ఆగిపోతుంది. బిడ్డ వీలునామా రాయలేడు కాబట్టి అతని తర్వాత ఆ ఆస్తి ఎవరికి పోవాలో మీరు అనుకున్నది కాకుండా వారసత్వ వరుస చెప్పినట్టు జరుగుతుంది. మీరు ఎంచుకోదగిన దారుల్లో దీన్ని లెక్కపెట్టకండి.

“అక్క చూసుకుంటుందిలే”

తెలుగు ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువగా నడిచే పద్ధతి ఇదే. తమ్ముడి వాటా కూడా అక్క పేరునే సెటిల్మెంట్ చేసి, వాణ్ణి చూసుకోమని మాట తీసుకుంటారు. అక్క మంచిదే కావచ్చు. ఆమె మనసును శంకించి ఈ మాట చెప్పడం లేదు. రిజిస్ట్రేషన్ అయిన రోజు నుంచి ఆస్తి చట్టప్రకారం ఆమెది. భర్త వ్యాపారంలో అప్పులైతే ఆమె ఇచ్చిన హామీకి ఆ ఇల్లు పోవచ్చు. విడాకుల తగవులో అది చర్చకు రావచ్చు. తమ్ముడి కంటే ముందే ఆమె కన్నుమూస్తే ఆస్తి ఆమె భర్తకు, పిల్లలకు వెళుతుంది, వాళ్లు ఎవరికీ ఏ మాటా ఇవ్వలేదు. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం 23వ సెక్షన్‌తో దస్తావేజు రద్దు చేయించవచ్చు కదా అని కొందరు ధీమాగా ఉంటారు. రాసిచ్చిన వృద్ధుణ్ణి చూడకపోతేనే ఆ సెక్షన్ పనికొస్తుంది. తమ్ముణ్ణి చూడలేదన్న ఫిర్యాదుకు, అదీ మీరు లేనప్పుడు, అది అక్కరకు రాదు.

జీవిత బీమా నామినేషన్‌లో ఇదే గొయ్యి ఇంకా లోతుగా ఉంది. బ్యాంకు డిపాజిట్‌కు నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, హక్కు వారసులదో వీలునామాదో. బీమాలో అలా కాదు. పాలసీదారు తల్లిదండ్రులు, భార్య లేదా భర్త, పిల్లలు నామినీగా ఉంటే, 2015 సవరణ తర్వాత ఆ డబ్బు మీద హక్కు కూడా సాధారణంగా వాళ్లదే. తమ్ముడి కోసమని 50 లక్షల పాలసీకి కూతుర్ని నామినీగా రాస్తే ఆ 50 లక్షలూ కూతురివే అవుతాయి.

వీలునామా ఒక్కటే రాస్తే

వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. ఇద్దరు సాక్షులు ఉండాలి. ఎవరికెంత అన్నది ఇది తేలుస్తుంది. ఆ తర్వాత 40 ఏళ్లపాటు నెలనెలా ఎవరు ఖర్చు పెట్టాలో తేల్చదు. “నా ఇల్లు నా కుమారుడికి చెందును” అని రాసినందువల్ల ఏమీ రాయకుండా వదిలేసినప్పటి చిక్కు తీరదు, ఇల్లు వచ్చి మళ్లీ సంతకం పెట్టలేని మనిషి పేరునే కూర్చుంటుంది. ఇల్లు ట్రస్టీలకు చెందుతుందని, దాని ఆదాయం ఫలానా వాడి పోషణకు వాడాలని, వాడి తర్వాత ఫలానా వారికి పోవాలని రాస్తే అది వీలునామా ద్వారా పుట్టే ట్రస్టు అవుతుంది. దాని సంగతి కింద చూద్దాం.

గార్డియన్‌షిప్: ట్రస్టుతో పోటీ లేదు

“గార్డియన్‌షిప్ తీసుకున్నాం, ఇంక ట్రస్టు ఎందుకు?” అని చాలామంది అడుగుతారు. గార్డియన్ మనిషికి, ట్రస్టీ డబ్బుకు. రెండూ కావాలి, వీలైతే వేర్వేరు మనుషులు కావాలి.

బిడ్డకు 18 దాటిన రోజు నుంచి తల్లిదండ్రులు చట్టప్రకారం సహజ గార్డియన్లు కారు. ఈ సంగతి ఆస్పత్రిలో ఆపరేషన్ కాగితం మీద సంతకం దగ్గరో, బ్యాంకులోనో తెలిసి చాలామంది కంగారు పడతారు. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, బహుళ వైకల్యాలు ఉన్నవారికి 1999 నేషనల్ ట్రస్టు చట్టం కింద జిల్లా కలెక్టర్ నేతృత్వంలోని స్థానిక కమిటీ గార్డియన్‌ను నియమిస్తుంది. కోర్టుకు వెళ్లక్కర్లేదు. దీని పేరులో ట్రస్టు అని ఉంది కానీ మనం మాట్లాడుకుంటున్న కుటుంబ ట్రస్టుకూ దీనికీ సంబంధం లేదు. నియామకం జరిగిన 6 నెలల్లోపు బిడ్డ ఆస్తుల జాబితా, ఏటా ఆర్థిక సంవత్సరం ముగిసిన 3 నెలల్లోపు లెక్కలు కమిటీకి ఇవ్వాలి. చాలామంది గార్డియన్లు ఈ రెండో పని మరిచిపోతారు. మరిచిపోతే బిడ్డ తరఫున ఇల్లు అమ్మాల్సి వచ్చినప్పుడు కమిటీ ముందు నోరు పెగలదు.

స్కిజోఫ్రీనియా లాంటి మానసిక జబ్బులు ఈ చట్టంలోకి రావు. 1987 నాటి మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తి చూసే మేనేజరును కోర్టు ద్వారా పెట్టుకునే దారి ఉండేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టం వైద్యానికి సంబంధించి నామినేటెడ్ ప్రతినిధిని ఇచ్చింది కానీ ఆస్తి నిర్వహణ ఏర్పాటు ఇవ్వలేదు. దివ్యాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ కింద పరిమిత గార్డియన్‌షిప్ అడగవచ్చు. ఒక్కో నిర్ణయానికి, కొంత కాలానికి ఇచ్చే సాయం కాబట్టి జీవితాంతం డబ్బు నడిపే పనికి అది చాలదు. అందుకే మానసిక జబ్బు ఉన్న ఇంట్లో ట్రస్టు అవసరం మిగతా వారికంటే ఎక్కువ. తల్లిదండ్రులు బతికుండగానే ఆస్తి ట్రస్టులోకి చేరితే గార్డియన్ ఉత్తర్వు ఆలస్యమైనా డబ్బు ఆగదు.

ట్రస్టులో మూడు రకాలు, పన్నులో పెద్ద తేడా

ముందుగా ఒక గందరగోళం తీర్చుకుందాం. ఇక్కడ ట్రస్టు అంటే సేవాసంస్థ కాదు. మీ బిడ్డ ఒక్కడి కోసం పెట్టే ప్రైవేటు ట్రస్టు. సేవాసంస్థలకు పన్ను వెసులుబాట్లు ఇచ్చే (పాత చట్టంలో 12ఏ, 80జీ అనే) రిజిస్ట్రేషన్లు దీనికి రావు, అక్కర్లేదు కూడా. “చారిటబుల్ ట్రస్టు పెట్టి మీ అబ్బాయిని దాంట్లో చూసుకోండి, పన్ను ఉండదు” అని సలహా ఇచ్చేవాళ్లు ఉన్నారు. పెట్టినవారి బంధువు కోసం సొమ్ము వాడితే ఆ మినహాయింపే పోతుంది.

మొదటిది, బతికుండగా పెట్టి ఎప్పుడైనా రద్దు చేసుకునే ట్రస్టు. మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చు. ఆదాయం మీదే అన్నట్టు మీ పన్నులోనే కలుస్తుంది. మీ అప్పులవాళ్ల నుంచి రక్షణ ఉంటుందని నమ్మవద్దు.

రెండోది, బతికుండగా పెట్టే రద్దు చేయలేని ట్రస్టు. ఇచ్చింది ఇచ్చినట్టే. మీరు అప్పుల్లో లేని రోజుల్లో నిజాయితీగా పెడితే తర్వాత వచ్చే అప్పులు దాన్ని తాకవు. అప్పుల్లో మునిగాక పెడితే కోర్టు కొట్టేయవచ్చు.

మూడోది, వీలునామా ద్వారా మీ తర్వాత పుట్టేది. ఇప్పుడు ఖర్చు లేదు. ఇల్లు, స్థలం దీని ద్వారా ట్రస్టుకు చేరితే స్టాంపు డ్యూటీ పడదు, బతికుండగా దస్తావేజు ద్వారా మారిస్తే మార్కెట్ విలువ మీద పడుతుంది. లోపం ఏమిటంటే అది పనిచేస్తుందో లేదో చూసుకోవడానికి మీరు ఉండరు. వీలునామా మీద ఎవరైనా కోర్టుకెక్కితే ట్రస్టు పుట్టడమే ఆగిపోతుంది, బిడ్డ ఖర్చు మాత్రం ఆ నెల నుంచే మొదలవుతుంది.

పన్ను విషయం ఆడిటర్‌తో తప్పక కూర్చుని తేల్చుకోవాల్సింది. లబ్ధిదారు ఎవరో, వాటా ఎంతో దస్తావేజులో స్పష్టంగా ఉంటే ఆదాయం మీద పన్ను బిడ్డకు పడే శ్లాబుల్లోనే పడుతుంది. “ట్రస్టీలు తమ ఇష్టానుసారం నా కుటుంబ సభ్యుల్లో ఎవరికైనా ఇవ్వవచ్చు” అని రాస్తే అది విచక్షణ ట్రస్టు, సాధారణంగా అత్యధిక రేటు, అంటే 30 శాతం పైన సెస్సు, సర్‌ఛార్జి కలిపి. దీనికి మినహాయింపులు ఉన్నాయి. లబ్ధిదారుల్లో ఎవరికీ పన్ను పరిమితి దాటిన వేరే ఆదాయం లేకుండా, ఇంకే ట్రస్టులోనూ లబ్ధిదారులు కాకుండా ఉంటే మామూలు రేటే. వీలునామా ద్వారా పుట్టిన ట్రస్టు ఆ మనిషి అలా పెట్టిన ఒకే ఒక్క ట్రస్టు అయితే కూడా మామూలు రేటే. ఒకే వీలునామాలో ఇద్దరు పిల్లలకు రెండు ట్రస్టులు రాస్తే ఈ రెండో వెసులుబాటు చేజారుతుంది. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. పాత నంబర్లతో ఉన్న నమూనా దస్తావేజును నకలు కొట్టకండి.

వాక్యం ఎలా రాయాలంటే, నికర ఆదాయం నూటికి నూరు శాతం ఫలానా వ్యక్తిది, దాన్ని అతని కోసం ఎప్పుడు, ఏ రూపంలో ఖర్చు పెట్టాలన్నది మాత్రం ట్రస్టీల నిర్ణయం, మిగిలింది అతని ఖాతాలోనే జమ కావాలి. ఇలా రాస్తే వాటా ఖాయంగానూ ఉంటుంది, ట్రస్టీలకు వెసులుబాటూ ఉంటుంది.

ఈ తేడా ఎంత డబ్బో లెక్కేద్దాం. ఇప్పటి ధరల్లో నెలకు 30,000 ఖర్చు, అంటే ఏడాదికి 3.6 లక్షలు. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయి, 40 ఏళ్లు నడవాలి. పన్ను పోను 8 శాతం రాబడి ఉంటే మొదటి రోజున ట్రస్టులో సుమారు 1 కోటి ఉండాలి. 7 శాతమైతే సుమారు 1.2 కోట్లు. అత్యధిక రేటు పన్ను కట్టి 5.5 శాతమే మిగిలితే సుమారు 1.6 కోట్లు. దస్తావేజులో ఒక్క వాక్యం తప్పుగా పడితే 60 లక్షల భారం. ట్రస్టీ కంపెనీని పెట్టుకుని ఏటా నిధిలో 1 శాతం ఫీజు కట్టినా 8 నుంచి 7కు దిగినట్టే, అంటే 20 లక్షలు. ఫీజు నిధిలో శాతమా, ఏడాదికి ఇంత అనే స్థిర మొత్తమా, కనీస ఫీజు ఎంత అని ముందే రాతపూర్వకంగా అడగాలి.

దస్తావేజులో తప్పిపోయే మాటలు

డాక్యుమెంట్ రైటర్ దగ్గర దొరికే నమూనాలో ఇవి సాధారణంగా ఉండవు. ఒక్కోటీ ఎందుకో చెబుతాం, లాయరుతో పోరి మరీ పెట్టించండి.

సహ ట్రస్టీలు ఉంటే అందరూ కలిసే సంతకాలు చేయాలన్నది చట్టం మామూలు నియమం. ముగ్గురిలో ఒకరు విదేశాల్లో ఉంటే ఆస్పత్రి బిల్లు కూడా ఆగిపోతుంది. ముగ్గురు ట్రస్టీలు, ఏ ఇద్దరి సంతకమైనా చాలు, నెలకు ఇంత మొత్తం వరకు ఒక్కరి సంతకం చాలు అని రాయండి.

పెట్టుబడి గురించి దస్తావేజు మౌనంగా ఉంటే చట్టం అనుమతించిన వాటిలోనే డబ్బు పెట్టాలి. ఎఫ్‌డీ, ప్రభుత్వ బాండ్లు, మ్యూచువల్ ఫండ్లు అని పేరుపేరునా అధికారం ఇవ్వండి, షేర్ల వాటా ఇంత శాతం దాటకూడదని హద్దూ పెట్టండి.

దస్తావేజులో లేకపోతే ట్రస్టీకి పారితోషికం అడిగే హక్కు లేదు. ఉచిత సేవ రెండేళ్లు బాగా నడుస్తుంది, పదేళ్లు నడవడం కష్టం. చిన్నదైనా ఒక మొత్తం రాసి, ధరలతో పాటు పెరిగేలా చేయండి.

ట్రస్టీ చనిపోతే, తప్పుకుంటే తర్వాత ఎవరు, వాళ్లూ లేకపోతే ఎవరు ఎంపిక చేయాలి అన్నది రెండు మూడు అంచెల వరకు రాయాలి. బిడ్డ 25 ఏళ్లవాడైతే మీ వయసు ట్రస్టీలు సరిపోరు. కనీసం ఒకరు బిడ్డ కంటే చిన్నవారై ఉండాలి.

అందరూ దాటవేసేది, బిడ్డ తర్వాత మిగిలింది ఎవరికి అన్న ప్రశ్న. “మిగిలింది పెద్ద కొడుక్కి” అని రాసి ఆ పెద్ద కొడుకునే ట్రస్టీగా పెడితే, తమ్ముడి మీద ఖర్చు పెట్టే ప్రతి రూపాయీ తన వాటాలోంచి పోతున్నట్టు అవుతుంది. ఎంత మంచివాడికైనా అలాంటి పరీక్ష పెట్టకూడదు. పెద్ద కొడుకు వాటా వీలునామాలో విడిగా, న్యాయంగా ఇచ్చేయండి. మిగిలేది మనవళ్లకో, బిడ్డ ఉన్న హోమ్‌కో రాయండి. లేదా చెక్కు సంతకం పెట్టే ట్రస్టీలు వేరేవాళ్లు ఉండాలి.

ఏటా ఆడిటర్‌తో లెక్కలు చూపించి, ఆ నకలు గార్డియన్‌కూ, ట్రస్టీ కాని ఒక బంధువుకూ పంపాలని రాయండి. చట్టం ఇచ్చే హక్కులు కోర్టుకు వెళ్లగలిగినవాళ్లకే పనికొస్తాయి. ఈ బిడ్డ వెళ్లలేడు కాబట్టి అడిగే మనిషిని మీరే నియమించాలి.

హోమ్‌కు డబ్బు కట్టే విషయంలో మా అభిప్రాయం గట్టిది. జీవితకాల డిపాజిట్ పేరుతో మొత్తం ఒకేసారి కట్టవద్దు. హోమ్ మూతపడినా, నిర్వాహకులు మారినా, బిడ్డ అక్కడ ఇమడకపోయినా ఆ డబ్బు తిరిగి రాబట్టడం కష్టం. నెలవారీ లేదా మూడు నెలలకోసారి చెల్లింపు మాత్రమే అని దస్తావేజులో రాస్తే, ట్రస్టీల చేతిలో హోమ్‌ను మార్చే బలం ఉంటుంది.

పొలం గురించి ఒక మాట. సాగు భూమిని ట్రస్టులో పెట్టడం మేము సిఫారసు చేయం. కౌలు వసూలు, పాస్‌బుక్కు మార్పులు, హద్దుల తగాదాలు దూరంగా ఉండే ట్రస్టీల వల్ల కావు. బతికుండగా అమ్మి డబ్బు చేయడమో, వీలునామాలో అమ్మకానికి ట్రస్టీలకు పూర్తి అధికారం ఇవ్వడమో మేలు. అద్దె వచ్చే ఫ్లాట్ ఒకటి ఉంటే నష్టం లేదు.

ట్రస్టు పేరు రాయనివ్వని చోట్లు

ట్రస్టు పెట్టేసి అన్నిచోట్లా నామినీగా దాని పేరు రాద్దామని వెళితే చాలా కౌంటర్లలో వెనక్కి పంపుతారు. కుటుంబం ఉన్న ఉద్యోగి ఈపీఎఫ్, గ్రాట్యుటీలకు కుటుంబ సభ్యులనే నామినీగా రాయాలి. బ్యాంకు డిపాజిట్లకు నామినీగా వ్యక్తులే ఉండాలి. మ్యూచువల్ ఫండ్లలో ధార్మిక, సేవా ట్రస్టులకు తప్ప ప్రైవేటు ట్రస్టుకు నామినేషన్ కుదరదు. దీనికి పరిష్కారం వీలునామా. నామినీగా భార్యనో భర్తనో పెట్టి, ఆ సొమ్ము ట్రస్టుకు చెందాలని వీలునామాలో ట్రస్టు దస్తావేజు నంబరు, తేదీతో సహా రాయాలి. ఇద్దరూ విడివిడిగా ఇలాంటి వీలునామా రాయాలి, ఒక్కరే రాస్తే రెండో మనిషి పోయినప్పుడు గొలుసు తెగుతుంది.

డబ్బు నేరుగా బిడ్డ కోసమే ఆగే దారులు బీమాలో రెండు ఉన్నాయి. ఒకటి 1874 వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకునే పాలసీ. పెళ్లయిన మగవాడు తన ప్రాణం మీద భార్య, పిల్లల కోసం తీసుకున్న పాలసీ దానంతట అదే ట్రస్టు అవుతుంది. ట్రస్టీలను మీరే పెట్టవచ్చు, అప్పులవాళ్లు ముట్టుకోలేరు. టర్మ్ పాలసీ ఇలా తీసుకుంటే ఇంతకంటే చవకైన ట్రస్టు లేదు. ప్రపోజల్ ఇచ్చేటప్పుడే దీని ఫారం నింపాలి, పాలసీ వచ్చాక మార్చడానికి లేదు. రెండోది ఎల్‌ఐసీ, ఇతర బీమా సంస్థల్లో వైకల్యం ఉన్న ఆశ్రితుల కోసం ఉన్న పథకాలు. మీ తర్వాత బిడ్డకు యాన్యుటీగానో (విడతలవారీగా క్రమం తప్పకుండా వచ్చే సొమ్ము) ఒకేసారో ఇస్తాయి, బిడ్డ తరఫున ట్రస్టును కూడా నామినేట్ చేయవచ్చు. ఆశ్రితుడి మీద ఏటా 75,000, తీవ్ర వైకల్యానికి 1,25,000 పన్ను తగ్గింపు ఉంది, పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి మాత్రమే. యాన్యుటీ ధరలతో పాటు పెరగదు. ఇప్పుడు 15,000 అంటే సగం ఖర్చు గడుస్తుంది, 20 ఏళ్ల తర్వాత ధరలు 6 శాతం చొప్పున పెరిగితే దాని విలువ ఇప్పటి 4,700 పాటి. దాన్ని నేలగా పెట్టుకోండి, ఇల్లంతా దాని మీదే కట్టకండి.

పెన్షన్ ఉన్న ఇళ్లు వేరుగా ఆలోచించాలి

ప్రభుత్వ ఉద్యోగి ఇంట్లో వైకల్యం ఉన్న బిడ్డకు జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వస్తుంది. ఇంత మంచి ఆధారం ఏ ట్రస్టూ ఇవ్వదు, ధరలతో పాటు డీఆర్ (పెన్షన్ మీద ఇచ్చే కరువు భత్యం) కూడా పెరుగుతుంది. కేంద్ర ఉద్యోగులైతే బిడ్డ పేరు పీపీఓలో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) మీరు బతికుండగానే ఎక్కించుకోవచ్చు, తప్పకుండా ఎక్కించండి. ఇక్కడ ట్రస్టుతో ఒక పేచీ ఉంది. 2021 ఫిబ్రవరి ఉత్తర్వుల ప్రకారం కేంద్రంలో బిడ్డ సొంత ఆదాయం, తనకు రావలసిన సాధారణ ఫ్యామిలీ పెన్షన్, అంటే చివరి జీతంలో 30 శాతం, దాని మీద డీఆర్ కలిపిన మొత్తం కంటే తక్కువ ఉండాలి. చివరి జీతం 80,000 అయితే హద్దు 24,000, పైన డీఆర్. ఒక కోటి ట్రస్టు 8 శాతం వడ్డీతో నెలకు 66,000 ఆదాయాన్ని బిడ్డ పేరున చూపిస్తే పెన్షన్‌కే ముప్పు రావచ్చు. పెన్షన్ వచ్చే బిడ్డకు చిన్న ట్రస్టు చాలు. ఇల్లు, అత్యవసర వైద్యం, పెన్షన్ చాలని నెలలు, ఇంతవరకే. రాష్ట్ర ఉద్యోగులు తమ ట్రెజరీలో నియమం అడిగి కాగితం మీద తీసుకోవాలి.

ప్రైవేటు ఉద్యోగులకు ఈపీఎస్ 95 (పీఎఫ్‌తో పాటు ఉండే పెన్షన్ పథకం) కింద పూర్తి శాశ్వత వైకల్యం ఉన్న బిడ్డకు వయసుతో పని లేకుండా పెన్షన్ ఉంది, మొత్తం చిన్నదే. ఆంధ్రలో దివ్యాంగుల సామాజిక పెన్షన్ 6,000, పూర్తిగా మంచాన పడ్డవారికి 15,000. తెలంగాణలో 4,016. ఇవి కుటుంబ ఆదాయం, భూమి హద్దులు చూసి ఇచ్చేవి, కాబట్టి ట్రస్టు ఆదాయం లెక్కలోకి వస్తుందో లేదో ముందే తెలుసుకోండి. వీటన్నింటికీ సదరం సర్టిఫికెట్ (వైకల్యాన్ని నిర్ధారించేది), యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) పునాది. గడువున్న తాత్కాలిక సర్టిఫికెట్ అయితే మీరు ఆరోగ్యంగా ఉన్నప్పుడే శాశ్వతానిది చేయించండి.

ఎవరికి ఏది

బిడ్డ పేరున మిగిలేది 20, 30 లక్షల లోపే అయితే ట్రస్టు పెట్టకండి. ఏటా ఆడిటర్ ఫీజు, రిటర్నుల ఖర్చు నిధిని తినేస్తాయి. గార్డియన్‌షిప్, పెన్షన్, యాన్యుటీ, వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద టర్మ్ పాలసీ చాలు. ఇల్లు ఒక్కటే ఆస్తి అయితే వీలునామా ద్వారా ట్రస్టు. 50 లక్షలు దాటి, అద్దెలు, డిపాజిట్లు కలిసి ఉంటే మేము సూచించేది ఇప్పుడే ఒక చిన్న ట్రస్టు, రద్దు చేయలేనిది, 10,000 నుంచి లక్ష రూపాయలతో. తల్లిదండ్రులిద్దరూ, బయటి మనిషి ఒకరూ ట్రస్టీలు. మిగతా ఆస్తి వీలునామా ద్వారా అందులో కలుస్తుంది. నిర్వహణ నియమాలు మార్చే అధికారం మీకు ఉంచుకోండి, డబ్బు వెనక్కి తీసుకునే అధికారం మాత్రం వద్దు. లబ్ధిదారు ఒక్కడే, వాటా ఖాయం.

పని వరుస ఇది. బిడ్డకు ఆధార్, పాన్, యూడీఐడీ, గార్డియన్ ఉత్తర్వు. ట్రస్టీలను కూర్చోబెట్టి లిఖితపూర్వక అంగీకారం. లాయరు ముసాయిదా, దాన్ని ఆడిటర్ చదవడం. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్, ఇద్దరు సాక్షులతో. నగదు ట్రస్టుకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి, బ్యాంకులు అదే అడుగుతాయి. తర్వాత ట్రస్టుకు పాన్, ఆపైన ఖాతా. ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు. బ్రాంచిలో ట్రస్టు అనగానే 12ఏ సర్టిఫికెట్ అడుగుతారు. ఇది ప్రైవేటు ట్రస్టు, లబ్ధిదారు ఫలానా అని దస్తావేజులో ఆ పేరా గుర్తు పెట్టి చూపండి, ఖాతా తెరవాలన్న ట్రస్టీల తీర్మానం వెంట పెట్టుకోండి. వినకపోతే ఇంకో బ్యాంకుకు వెళ్లండి, వాదనలో నెలలు పోగొట్టుకోవద్దు. చివరగా వీలునామాలు రెండూ. దస్తావేజు నంబరు వచ్చిన వారంలోనే రాసేయండి, ఇది వాయిదా పడితే ట్రస్టు ఖాళీ డబ్బాగా మిగిలిపోతుంది.

అమెరికాలో ఉన్న అన్నో అక్కో ట్రస్టీ అయితే ఒక్కరినే పెట్టకండి. అక్కడి పౌరులకూ, గ్రీన్‌కార్డు వారికీ విదేశీ ఖాతాల మీద సంతకం అధికారం ఉండి, వాటి మొత్తం ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే ఏటా ఎఫ్‌బార్ నివేదిక ఇవ్వాలి. వాళ్లకు ముందే చెప్పండి. వైకల్యం ఉన్న మనవడే అక్కడ ఉంటే లెక్క తిరగబడుతుంది. ఎస్‌ఎస్‌ఐ అనే అక్కడి ప్రభుత్వ సాయం పొందే వ్యక్తి పేరున 2,000 డాలర్లు మించి ఉండకూడదు. ఇక్కడి నుంచి తాతగారు ప్రేమతో వాడి పేరున రాసిన ఫ్లాట్ ఆ సాయాన్ని ఆపేయగలదు. అక్కడి కుటుంబం పెట్టిన స్పెషల్ నీడ్స్ ట్రస్టు (ఆ సాయం పోకుండా వైకల్యం ఉన్నవారి కోసం పెట్టే ట్రస్టు) పేరుకు రాయండి, అదీ వాళ్ల లాయరు చూశాకే.

కాగితాలన్నీ అయ్యాక ఒక నోటుపుస్తకం కొనండి. ఏ మందు ఏ పూట, ఏది తింటే వాంతి అవుతుంది, ఫిట్స్ వస్తే ఎంతసేపు ఆగి ఆస్పత్రికి వెళ్లాలి, నిద్రపట్టకపోతే ఏ పాట పెట్టాలి, కోపం వస్తే ఎవరి మాట వింటాడు, అన్నీ రాయండి. ఏడాదికోసారి తిరగరాసి ఒక నకలు ట్రస్టీలకు, ఒకటి గార్డియన్‌కు ఇవ్వండి. ఏటా ఒక నెల మీరు చెక్కుబుక్కు ముట్టుకోకుండా ట్రస్టీలతో ఖర్చు నడిపించండి. ఆ నెలలో ఏ బిల్లు ఆగిందో, ఏ సంతకం దొరకలేదో, ఏ మందు మారిపోయిందో చూసి, దస్తావేజులో సరిచేసేది దస్తావేజులో, పుస్తకంలో సరిచేసేది పుస్తకంలో సరిచేయండి.